ముక్కు సన్నం చేస్తామనే ప్రకటనలకు హద్దు లేదా?

సంపాదకుడు గారికి,

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే చాలు, మీ పత్రిక జిల్లా అనుబంధంలోనూ, ఫోన్లలోనూ ఒకే రకం ప్రకటన కనిపిస్తోంది. ఎడమవైపు వెడల్పు ముక్కు, కుడివైపు సన్నని ముక్కు, కింద 'గంటలో పూర్తి, మచ్చ ఉండదు, ఈఎంఐ సౌకర్యం కలదు' అని. మా ఆడపడుచు కూతురు ఇలాంటిదే ఒకటి చూసి ముక్కుపుటాలు తగ్గించుకోవాలనుకుంది. ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల. డబ్బు తనది, ముఖం తనది, వద్దనడానికి నేనెవరిని? తోడు రమ్మంటే హైదరాబాద్‌లోని ఆ క్లినిక్‌కు వెళ్లాను.

అక్కడ మాతో మాట్లాడింది డాక్టర్ కాదు, 'కౌన్సెలర్' అనే అమ్మాయి. ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసి, కంప్యూటర్‌లో ముక్కు సన్నం చేసి చూపించింది. నెలాఖరులోగా బుక్ చేసుకుంటే తగ్గింపు ఉందంది. ఆపరేషన్ ఎవరు చేస్తారని అడిగితే 'సీనియర్ సర్జన్ వస్తారు మేడమ్' అంది తప్ప పేరు చెప్పలేదు. చీర బేరం చేసేటప్పుడు కూడా నేను ఇంతకంటే ఎక్కువ ప్రశ్నలకు జవాబులు రాబడతాను.

ఆ తర్వాత వేరేచోట ఒక ప్లాస్టిక్ సర్జన్‌ను కలిశాం. ఆయన పిల్లను నవ్వమన్నారు, పక్కకు తిరగమన్నారు, ఈ ఆలోచన ఎప్పుడు, ఎవరి మాట వల్ల వచ్చిందో అడిగారు. ఆపరేషన్ చిన్నదేనట. పూర్తి మత్తు అక్కర్లేదు. ఆ చోటు మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇచ్చి, ముక్కుపుటం చెంపను కలిసే మడత దగ్గర చిన్న ముక్క కోసి కుట్లు వేస్తారు. 1892లో రాబర్ట్ వియర్ అనే అమెరికన్ సర్జన్ వివరించిన పద్ధతే ఇప్పటి చాలా పద్ధతులకు మూలం. వారానికల్లా కుట్లు తీసేస్తారు.

చిక్కంతా ఆ ముక్క మిల్లీమీటర్లలో ఉండటమే. ఒకవైపు కాస్త ఎక్కువ పోతే రెండు రంధ్రాలు రెండు రకాలుగా కనిపిస్తాయి. తక్కువ తీస్తే మళ్లీ తీయొచ్చు. ఎక్కువ తీస్తే మాత్రం చెవి నుంచి చర్మం, మృదులాస్థి తెచ్చి అతికించాల్సి రావచ్చు, అప్పుడైనా పాత ముక్కు రాదు. మరీ ఇరుకైతే ఊపిరికే ఇబ్బంది. మచ్చ మడతలో దాగిపోతుందన్నది చాలామంది విషయంలో నిజమే గానీ, మన చామనఛాయ చర్మాల్లో కొందరికి అది నల్లబడుతుంది, ఉబ్బుతుంది. చెవులు కుట్టించుకున్నచోట కండ పెరిగినవాళ్లు ఆ సంగతి ముందే డాక్టర్‌కు చెప్పాలి. ముక్కుదూలం పల్లంగా ఉంటే మామూలు పుటాలు కూడా వెడల్పుగా కనిపిస్తాయని, అలాంటప్పుడు పుటాలు కోసినా అనుకున్న ఫలితం రాదని కూడా ఆయన చెప్పారు. వీటిలో ఒక్క మాటైనా ప్రకటనలో లేదు, కౌన్సెలర్ నోటా రాలేదు.

ఆ ఫొటో సంగతీ చెప్పాలి. అడుగు దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు, అయిదడుగుల దూరం నుంచి తీసినదానికంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. అంటే ఫోన్ పెంచిన వెడల్పును కత్తితో తగ్గించుకోమంటున్నారన్నమాట.

అసలు వెడల్పు ముక్కు లోపమని ఎవరన్నారు? చంటిపిల్లలకు నూనె రాసి నలుగు పెట్టేటప్పుడు ముక్కు నొక్కి సాగదీసే అలవాటు మన ఇళ్లలో ఉంది, పెళ్లిచూపుల్లో 'చప్పిడి ముక్కు' అని గొణిగే అత్తలూ ఉన్నారు. వీటికి తోడు తెల్లదొరల కొలతలు వచ్చి చేరాయి. 1901 జనాభా లెక్కల కమిషనర్ హెర్బర్ట్ రిస్లీ, కులం హోదా పెరిగేకొద్దీ ముక్కు వెడల్పు తగ్గుతుందని సిద్ధాంతం చేశాడు. అంటరానివారు వేరే జాతివాళ్లన్న వాదాన్ని డాక్టర్ అంబేద్కర్ 1948లో అలాంటి కొలతలతోనే ఖండించారు. ముక్కు వెడల్పుకూ పూర్వీకులు బతికిన చోటి వేడికీ, గాలిలో తేమకూ సంబంధం ఉందని 2017లో ఒక జన్యు అధ్యయనం చూపింది. ఉక్కపోత నేల మీద పుట్టినవాళ్లకు ఇలాంటి ముక్కు రాక ఎలాంటిది వస్తుంది?

ఇక ప్రభుత్వం వైఖరి. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది. పుట్టుకతో వచ్చిన లోపానికో, ప్రమాదంలో దెబ్బతిన్న ముఖానికో చేసే ప్లాస్టిక్ సర్జరీకీ ఉంది. గ్రహణం మొర్రితో పుట్టిన పిల్లల ముక్కు సరిచేయడం వేరు, ఇది వేరు అని చట్టానికి బాగానే తెలుసు. కేవలం అందం కోసం చేయించుకుంటే పన్ను కట్టాల్సిందే, ఆరోగ్య బీమా కూడా మామూలుగా రాదు. పన్ను దగ్గర వైద్యం కానిది, అమ్మకం దగ్గరకొచ్చేసరికి తెల్లకోటు వేసుకుని 'ట్రీట్‌మెంట్' అయిపోతోంది.

వైద్యుల ప్రవర్తనపై 2023 ఆగస్టులో తెచ్చిన కొత్త నిబంధనలను, దేశంలో వైద్య వృత్తిని నియంత్రించే జాతీయ వైద్య కమిషన్ అదే నెలలో పక్కన పెట్టింది. అందుకే వైద్యులకు 2002 నాటి ప్రవర్తనా నియమాలే దిక్కు. వాటి ప్రకారం డాక్టర్ నడిపే ఆసుపత్రి ప్రకటనలో పేరు, ఏ రోగులను చూస్తారు, ఏ సౌకర్యాలున్నాయి, ఫీజు ఎంత అన్నవి తప్ప మరేమీ ఉండకూడదు. 'మచ్చ ఉండదు' అన్న మాటకు అందులో చోటెక్కడ? కాకపోతే ఆ నియమాలు డాక్టర్లకే వర్తిస్తాయి. క్లినిక్ కంపెనీ పేరు మీద ఉంటే వైద్య మండలి చేయి అందదు. ఈ సందు మూయాల్సింది రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు. క్లినిక్ రిజిస్ట్రేషన్ ఇచ్చేటప్పుడే ప్రకటనలకు షరతు పెట్టాలి. డబ్బు కట్టకముందే ఆపరేషన్ చేసే డాక్టర్‌తో ముఖాముఖి మాట్లాడించాలనీ, వెనక్కి తీసుకురాలేని మార్పు అని తెలుగులో రాసిన కాగితం మీదే సంతకం తీసుకోవాలనీ అనాలి.

మా పిల్ల ఇంకా ఏమీ తేల్చుకోలేదు. చేయించుకుంటే రెండో డాక్టర్ దగ్గరే అంటోంది.

మీకూ ఒక విన్నపం. డాక్టర్ పేరు, వైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబర్ లేని సర్జరీ ప్రకటన తీసుకోవద్దని మీ ప్రకటనల విభాగానికి చెప్పండి. దానికి ఏ కొత్త చట్టమూ అక్కర్లేదు.

— ఒక పాఠకురాలు, హనుమకొండ