ఐదు నుంచి ఆరుకు: జిల్లా విద్యాశాఖాధికారి గారికి ఒక తల్లి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారాలు. మా అమ్మాయికి డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే వచ్చే జన్యుపరమైన స్థితి; నేర్చుకోవడం కాస్త నెమ్మదిగా ఉంటుంది. మండల పరిషత్ పాఠశాలలో ఐదో తరగతి పూర్తిచేస్తోంది. జూన్‌లో ఉన్నత పాఠశాలకు వెళ్లాలి. అడగడానికి వెళ్తే, "ఇక్కడ పీరియడ్‌కో టీచర్ వస్తారు, ఈ పిల్లను ఎవరు చూసుకుంటారమ్మా?" అన్నారు. చట్టం సంగతి తరువాత. ముందు ఆ ప్రశ్నకే జవాబు చెబుతాను.

ఈ పిల్లల్లో చాలామందికి విన్నదానికంటే చూసింది బాగా గుర్తుంటుంది. వినికిడి లోపమూ తరచుగా ఉంటుంది. అందుకే ముందు బెంచీ, గోడకు బొమ్మల టైంటేబుల్ కావాలి. ఖర్చు ఒక అట్టముక్క! గంట మోగగానే మారే టీచర్లు, కొత్త మరుగుదొడ్డి, మధ్యాహ్న భోజనం వరుస... మా భయం వీటి గురించే, లెక్కల గురించి కాదు. ఏప్రిల్‌లోనే నాలుగు పూటలు అక్కడ తిప్పి చూపిస్తే సగం బెంగ తీరుతుంది. అలిగితే ఏం చేయాలో, ఏ మాటకు నవ్వుతుందో పాత టీచరమ్మ ఒక కాగితం మీద రాసిస్తే చాలు. ఇప్పుడు వెళ్లేది బదిలీ పత్రం ఒక్కటే. అందులో పుట్టుమచ్చలు ఉంటాయి, పిల్ల ఉండదు.

ఇక చట్టం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ వివక్ష లేకుండా చేర్చుకోవాలంటుంది. 31వ సెక్షన్ నిర్దేశిత స్థాయి వైకల్యం (కనీసం 40 శాతం) ఉన్నవారికి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో ఉచిత విద్య హక్కునిచ్చింది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం రిసోర్స్ టీచర్‌ను తొలి నెలలో వారానికి రెండు రోజులు ఆ బడికి పంపండి. ప్రధానోపాధ్యాయులకు ఉత్తర్వు వేసవి సెలవులకు ముందే అందాలి. అమ్మాయి అప్పుడే కొత్త యూనిఫాంకు కొలతలు ఇచ్చేసింది.

ఇట్లు,
ఒక తల్లి