ఆ అట్ట గురించి ఇంకో మాట

చిట్టితల్లీ,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలి నొప్పి కాస్త నయం. బోరు మోటారు మళ్లీ మొరాయిస్తే సూరిబాబు వచ్చి చూశాడు. నువ్వు ఫోను చేసి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. నేనేమీ లెక్కపెట్టలేదు, పాల లెక్క చూస్తుంటే తెలిసింది.

నువ్వు ఉద్యోగం మానేశావని వనజత్తయ్య ఎవరితోనో అందట. ఆమె మాటలు నేనెప్పుడు పట్టించుకున్నాను గనక!

నువ్వు తయారుచేసి పంపిన పాటల పత్రిక అట్ట ఇంకా నా ఫోనులోనే ఉంది. "పేరే చదవడానికి రావటం లేదు, ఎవరు కొంటారు?" అన్నాను, నిజమే. తర్వాత ఆలోచిస్తే, హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారాలు పాత పత్రికలు అమ్మకానికి పరిచిన రోజులు గుర్తొచ్చాయి. లండన్‌లో 1981లో మొదలైన రాక్ పాటల పత్రిక కెరాంగ్ అప్పుడప్పుడు దొరికేది. గిటారు తీగలన్నీ ఒక్కసారి బాదితే వచ్చే మోతే దాని పేరు, అందుకే అక్షరాలు పగిలిన అద్దంలా ఉండేవి. చుట్టూ కిక్కిరిసిన బొమ్మలు. నాకు తలనొప్పి వచ్చేది గాని, నల్ల చొక్కాల కుర్రాళ్లు అటు పేవ్‌మెంటు నుంచే గుర్తుపట్టేవారు. అదే పాత రాక్ పాటల పత్రిక మోజో అయితే ఎప్పటిదో గాయకుడి ముఖం ఒక్కటే పెద్దగా వేసేవారు. దానికి నెరిసిన తలలు వంగేవి.

అమెరికా పాటల పత్రిక రోలింగ్ స్టోన్ సంచిక సంగతి నీకు గుర్తుందా? 1981 జనవరి 22ది. ఒంటి మీద నూలుపోగు లేని బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్, నిండుగా బట్టలు వేసుకున్న భార్య యోకోను కరుచుకుని పడుకున్న ఫోటో. ఫోటోగ్రాఫర్ అనీ లీబోవిట్జ్ 1980 డిసెంబరు 8న తీసింది. ఆ రాత్రే ఆయనను కాల్చి చంపారు. సంసారులు తిరిగే చోటని నేను దాన్ని దొంతర అడుగున పెట్టాను. మీ అమ్మ క్యారేజీ తెచ్చినప్పుడు నువ్వూ వచ్చావు. ఎలా లాగావో లాగి, "ఈ మామయ్యకు చలి వేయదా?" అని అరిచావు. దారిన పోయేవాళ్లంతా నవ్వారు. మీ అమ్మ చెంగుతో మూసేసింది. ఒకాయన మాత్రం నవ్వలేదు, అక్కడే కూర్చుండిపోయాడు. పత్రిక పేరు తప్ప అట్ట మీద శీర్షిక ఒక్కటీ లేదు. అలాంటిది అమ్ముడుపోదని నా సిద్ధాంతం. లోపల పేజీలు చిరిగాయని కూడా చెప్పాను. "అట్ట బాగుంది కదా" అన్నాడు. బేరం మాత్రం గట్టిగానే ఆడాడు.

నేను సలహా ఇవ్వటం లేదు. అయినా పేరు పైభాగాన్నే ఉంచు, దుకాణంలో ఒకదాని మీద ఒకటి పేర్చితే కనిపించేది ఆ జానెడే. ఎవరి కోసం వేస్తున్నావో వాళ్లను నిలబడి గమనించు, స్నేహితులను అడిగితే బాగుందనే అంటారు. ఆరు నెలల అద్దె చేతిలో ఉంచుకో. జీతం ఎప్పుడిస్తారో కాగితం మీద రాయించుకో. ఇదంతా నువ్వు మానేశావని కాదు, మాట వరసకు.

శ్రీను శుక్రవారం బెంగళూరు వస్తున్నాడు. గోంగూర పచ్చడి పంపుతున్నాం, తడి చెంచా పెట్టకు. స్వెట్టరు కూడా పెట్టింది మీ అమ్మ. పత్రిక అచ్చయితే వాడి చేతికి రెండు ప్రతులు ఇయ్యి, మడత పడకుండా అడుగున గట్టి అట్టముక్క పెట్టు. ఫోను చేయకపోయినా ఫరవాలేదు. రాత్రి పదిన్నర దాకా మెలకువగానే ఉంటున్నాను.

నాన్న