ఫోన్లు లాక్కుంటే నోళ్ళు తెరుచుకుంటాయా?

సంపాదకులకు నమస్కారం.

కాలేజీ గేటు దగ్గరే పిల్లల ఫోన్లు తీసేసుకోవాలని ఒక పాఠకుడు మీకు రాసిన ఉత్తరం చదివాను. అమలాపురం దగ్గర డిగ్రీ కాలేజీలో 19 ఏళ్ళుగా బోటనీ చెబుతున్నాను. ఆయన బాధ అర్థమైంది. వెనక బెంచీల్లో బల్ల కింద వెలిగే రీల్స్ నాకూ కనిపిస్తాయి. కానీ 2022 మే అల్లర్ల తర్వాత కోనసీమలో రోజుల తరబడి నెట్ ఆపేశారు గదా, అప్పుడు మా పిల్లలేమీ పుస్తకాల మీద పడలేదు. అవతలి ఒడ్డు టవర్ అందుతుందేమోనని గోదావరి గట్టెక్కారు.

నా మటుకు నాకు తప్పు మా దగ్గరే కనిపిస్తోంది. పాఠం చెప్పకముందే నోట్సు పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపులో పడేయడం కరోనా రోజుల్లో అలవాటైంది. అందరూ చేతులు జోడించిన బొమ్మ పెట్టేవారు. క్లాసులో "డౌట్లున్నాయా?" అంటే ఒక్కరూ నోరెత్తరు. ఎందుకెత్తుతారు, అంతా ఫోన్లో ఉందిగా!

కిందటేడాది పీడీఎఫ్ మానేసి, పెరట్లో కొబ్బరి మట్ట అడుగున ఏముందో ఫొటో తీసి పెట్టమన్నాను. ఫోన్ లేని ముగ్గురిని పక్కవాళ్ళతో జత చేశాను. రాత్రికల్లా గ్రూపు నిండిపోయింది. అంతటా కొబ్బరాకు రసం పీల్చే రూగోస్ తెల్లదోమ పురుగే: సుడులు తిరిగిన గుడ్లు, కింది ఆకుల మీద నల్లటి మసి. ఒకబ్బాయి యూట్యూబ్ వీడియో చూపించి మందు కొట్టెయ్యాలన్నాడు. రెండేళ్ళుగా క్లాసులో గొంతు వినిపించని ఒకమ్మాయి, కౌలురైతు కూతురు, వాయిస్ మెసేజ్ పెట్టింది: "మా నాన్న కొట్టారు మేడమ్. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఎందుకని?"

మర్నాడు గంటంతా దాని మీదే వాదన. తెల్లదోమ పిల్లపురుగులో గుడ్డు పెట్టి దాన్ని చంపే ఎన్‌కార్సియా అనే చిన్న మిత్రపురుగు ఉంది. మందు కొడితే అదీ చస్తుంది. ఆ మసి, దోమ విసర్జించే తీపి జిగురు మీద పెరిగే బూజు. ఆకుకు ఎండ అందనివ్వదు. ఇందులో నేను చెప్పింది సగమే. మిగతాది వాళ్ళే ఫోన్లలో వెతికి తెచ్చారు, బోలెడు తప్పులతో సహా. అవి దిద్దుకోవడానికి అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రానికి వెళ్ళాం.

ఆ వారం సిలబస్‌లో వెనకబడ్డానని నాకు అక్షింతలు పడ్డాయి. అందుకే ఆ పాఠకుడికి నా మనవి: ఫోన్ల సంగతి తర్వాత, ముందు మాకు వారానికి ఒక్క గంట సిలబస్ నుంచి విడిపించమని అడగండి.

ఆ అమ్మాయి క్లాసులో ఇప్పటికీ పెద్దగా మాట్లాడదు. రాత్రి ఎనిమిదయ్యాక వాయిస్ మెసేజ్‌లు మాత్రం వస్తుంటాయి.

— ఒక బోటనీ అధ్యాపకురాలు, అమలాపురం