కేసు వార్తతోనే ఆపకండి

సంపాదకులకు నమస్కారం.

లైంగిక దాడి జరిగితే మన పేపర్లలో కేసు వార్త వస్తుంది, అరెస్టు వార్త వస్తుంది, ఆ తర్వాత ఆ పిల్ల ఎలా బతుకుతోందో ఎవరూ రాయరు. నేను నర్సుగా చేసి రిటైరయ్యాను, ఉండేది ఒడిశాలోని పర్లాకిమిడి, ఆంధ్ర సరిహద్దు పక్కనే. పాతపట్నం, మెళియాపుట్టి వైపు నుంచి ఇక్కడికి కోడళ్లుగా వచ్చినవాళ్లలో, భర్త దగ్గరికొస్తే ఒళ్లు బిగుసుకుపోయేవాళ్లను, కలిసినప్పుడు నొప్పి భరించలేమని ఏడ్చేవాళ్లను చూశాను. అందరికీ కారణం ఒకటే కాదు, ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, కొత్త భయం ఉండొచ్చు, కానీ కొందరికి చిన్నప్పుడో కాలేజీ రోజుల్లోనో ఎవడో చేసిన పని వల్ల ఇలా అవుతుంది. అది వాళ్ల చేతిలో ఉండదు. ఇంట్లోవాళ్లేమో మొండితనం అంటారు, గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు.

ఆస్పత్రికి వెళ్తే డాక్టరు ఒడియాలో అడుగుతారు, పిల్లకి ఒడియా రాదు, అత్తగారు పక్కన నిలబడి తెలుగులో చెప్తుంది. ఇదివరకు నీకేమైనా జరిగిందా అని అడిగితే, అత్త ముందు ఏ కోడలు నోరు విప్పుతుంది?

మగపిల్లల సంగతి ఇంకా ఘోరం. 18 ఏళ్లలోపు అయితే పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టిన పోక్సో చట్టం ఉంది. ఆ వయసు దాటిన మగవాడి మీద అత్యాచారం జరిగితే పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 377 సెక్షన్ కింద కేసు పెట్టడానికి వీలుండేది, దాని స్థానంలో 2024 జూలైలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అలాంటి సెక్షనే లేదు. పెళ్లయ్యాక అంగస్తంభన సమస్య వస్తే ఆ కుర్రాడు గుప్తరోగాల బోర్డు చూసి వెళ్లి పొడులు కొనుక్కుంటాడు.

బాధితులకు ప్రైవేటు ఆస్పత్రి అయినా ఉచితంగా వెంటనే వైద్యం చేయాలని చట్టం ఉంది, ముందు కేసు పెట్టి రమ్మనకూడదు. హెచ్ఐవి రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి కాబట్టి ఆలస్యం చేస్తే నష్టం. జరిగింది శ్రీకాకుళం జిల్లాలో అయినా ఇక్కడి స్టేషన్‌లోనే ఫిర్యాదు తీసుకోవాలి.

ఇక్కడ కౌమార వయసువాళ్లకు శ్రద్ధా క్లినిక్‌లు ఉన్నాయి, అవి 19 ఏళ్ల వరకే. ఇరవై దాటినవాళ్లు ఎక్కడికి వెళ్లాలి? గజపతి, గంజాం, రాయగడ జిల్లాల పెద్దాస్పత్రుల్లో తెలుగు వచ్చిన కౌన్సెలర్ ఒకరు, బంధువులను బయట కూర్చోబెట్టి మాట్లాడే గది ఒకటి కావాలి. అవి వచ్చేదాకా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, మహిళా హెల్ప్‌లైన్ 181 మీ పేపర్‌లో వారానికోసారైనా వేయండి. 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, పర్లాకిమిడి