కార్యదర్శి వార్షిక నివేదిక: డేటా గోప్యత తరగతులు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం ఎక్కువ శ్రమ పెట్టింది విశ్వవిద్యాలయ విద్యార్థులకు నడిపిన డేటా గోప్యత తరగతుల మీద. మిగతా కార్యక్రమాలు ఎప్పటిలాగే జరిగాయి. ఖర్చుల లెక్క కోశాధికారి నివేదికలో ఉంది.

మొదటి తరగతి చప్పగా సాగింది. తప్పు మాదే. చట్టం ఏమంటుంది, సమ్మతి అంటే ఏమిటి అంటూ స్లయిడ్ల మీద స్లయిడ్లు చూపించాం. "మా దగ్గర దాచుకోడానికి ఏముంది సార్?" అని ఒకబ్బాయి అడిగితే నీళ్లు నమిలాం.

రెండోసారి స్లయిడ్లు పక్కన పెట్టేసి రెండు కాగితాలు పంచాం. ఒకటి పేర్లు తీసేసిన ఆసుపత్రి పట్టిక, రెండోది పేర్లున్న ఓటర్ల జాబితా. రెండూ మేం కల్పించినవే లెండి. పుట్టిన తేదీ, ఆడా మగా, పిన్‌కోడ్ మాత్రం రెండింట్లోనూ ఉన్నాయి. ఎవరికి ఏ జబ్బో కనుక్కోమన్నాం. కాసేపటికే వెనక వరుసలోంచి ఒకమ్మాయి "దొరికాడు!" అని లేచి, పేరు చదివి, జబ్బు పేరు చదవబోతూ ఆగిపోయింది. కల్పిత మనిషే అయినా నోరు రాలేదట.

ఈ ఆట మా సొంతం కాదు. 1990లలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్రభుత్వ ఉద్యోగుల వైద్య రికార్డులను పేర్లు తీసేసి పరిశోధకులకు ఇచ్చారు. అప్పటికింకా విద్యార్థినిగానే ఉన్న లటాన్యా స్వీనీ 20 డాలర్లకు అదే రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్ నగర ఓటర్ల జాబితా కొని, రెండూ కలిపి చూశారు. ఆ జాబితాలో అప్పటి రాష్ట్ర గవర్నర్ విలియం వెల్డ్ పుట్టిన తేదీయే ఉన్నవాళ్లు ఆరుగురు, అందులో మగవాళ్లు ముగ్గురు, ఆయన జిప్‌కోడ్‌లో (అక్కడి పిన్‌కోడ్) ఉన్నది ఆయనొక్కరే. ఈ మూడు వివరాలతోనే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టొచ్చని ఆవిడ తర్వాత అంచనా కట్టారు. పేరు కొట్టేస్తే సరిపోతుందన్న భ్రమ పిల్లలకు అక్కడే పోయింది.

మా పరువు కూడా అక్కడే పోయింది. "మరి మీ రిజిస్ట్రేషన్ ఫారంలో పుట్టిన తేదీ ఎందుకడిగారు?" అన్నారు. పాత ఫారం కాపీ చేసి వాడాం, అంతకుమించి కారణం లేదు. పైగా ఆ వివరాలు చేరే ఆన్‌లైన్ షీట్, ఫోన్ నంబర్లతో సహా, లింకున్న ఎవరికైనా తెరుచుకుంటోంది! ఆ సాయంత్రమే దాన్ని మూసేసి, అక్కర్లేని వివరాలు చెరిపేసి, జరిగింది విద్యార్థులందరికీ రాసి పంపాం. మూడో తరగతిలో వాళ్ల ఫోన్లలోని యాప్ అనుమతులు ఒక్కొక్కటే తీయించాం. టార్చ్ యాప్‌కి కాంటాక్టులతో పనేమిటో ఎవరూ చెప్పలేకపోయారు.

ఇక మన సభ్యత్వ పత్రం సంగతి. అందులోనూ పూర్తి పుట్టిన తేదీ అడుగుతున్నాం, అదీ శుభాకాంక్షలు పంపడానికే. తీసేద్దామని కొందరు, ఆ పలకరింపు పోగొట్టుకోవద్దని కొందరు అన్నారు. సంవత్సరం వదిలేసి రోజు, నెల మాత్రమే ఉంచుదామని, పాత పత్రాల్లోని సంవత్సరాలు కొట్టేద్దామని నా ప్రతిపాదన. సర్వసభ్య సమావేశంలో ఓటింగుకు పెడుతున్నాం.

— కార్యదర్శి