ఓటీపీ వెళ్లింది, మా అమ్మకి మాత్రం రాలేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మా అమ్మని షుగర్ చెకప్‌కి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాను. ఓపీ చీటీలు రాసే కిటికీ పక్కన క్యూఆర్ కోడ్ అంటించి ఉంది, దాన్ని ఫోన్‌తో స్కాన్ చేస్తే పేరూ వయసూ అన్నీ వాటంతటవే కౌంటర్‌కి వెళ్లి టోకెన్ నంబరు వచ్చేస్తుందట, లైన్లో నిలబడే పని లేదట. బాగానే ఉందనుకున్నా. కానీ దానికి ముందు అమ్మకి ఆభా నంబరు ఉండాలి, అంటే ఆరోగ్య రికార్డుల కోసం ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య, 14 అంకెలది. సరే అని అక్కడే ఆధార్ నంబరు కొడితే ఓటీపీ వెళ్లింది. ఎవరికి? ఆధార్ తీయించిన రోజుల్లో ఇచ్చిన మా బావ పాత నంబరుకి! ఆ సిమ్ ఆయన వదిలేసి ఏళ్లయింది. చివరికి అమ్మని బల్ల మీద కూర్చోబెట్టి, గంటకు పైగా మామూలు లైన్లోనే నిలబడ్డాను.

ఈ ఆభా వెనకున్న, 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ని నేను తప్పు పట్టడం లేదు. రిపోర్టులన్నీ ఒకచోట ఉంటే మాకే మేలు. మా అమ్మవి ఇప్పుడు బట్టల షాపు కవర్లో ఉన్నాయి, ఈసీజీ కాగితం మీద గీతలు సగం చెరిగిపోయాయి కూడా.

ఇంకో తమాషా ఏంటంటే, ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దని అమ్మకి నేర్పింది మేమే. ఆమధ్య ఒక ల్యాబ్ వాళ్లు రిపోర్టు కోసం ఫోన్ చేసి ఓటీపీ అడిగితే నాలుగు తిట్టి పెట్టేసింది. ఆవిడ తప్పేముంది? మెసేజ్ ఇంగ్లీషులో వస్తే ఆసుపత్రిదో బ్యాంకుదో ఎలా తెలుస్తుంది? కనీసం తెలుగులో, ఎవరు పంపారో, ఎందుకో ఒక ముక్క రాసి పంపడం అంత కష్టమా?

మా ఊరి విలేజ్ క్లినిక్‌లో వీడియోలో డాక్టరుకి చూపించే ఈ-సంజీవని మాత్రం చక్కగా నడుస్తోంది. కారణం యాప్ గొప్పదని కాదు, అక్కడ ఎంఎల్‌హెచ్‌పీ మేడం, అంటే క్లినిక్ చూసుకునే ఆరోగ్య సిబ్బంది, ఉంటారు. బీపీ చూసి, ఆవిడే డాక్టరుకి వీడియో కలిపి, ఆయన చెప్పింది అమ్మకి అర్థమయ్యేలా మళ్లీ చెప్తారు. అమ్మ ఏ బటనూ నొక్కక్కర్లేదు. పెద్దాసుపత్రిలో కూడా ఆ కోడ్ పక్కన అలాంటి మనిషి ఒకరు, వేలిముద్ర మెషిన్ ఒకటి ఉంటే చాలదా? ఫోన్ లేనివాళ్లకీ, నంబరు మారినవాళ్లకీ ఆభా అక్కడే చేసివ్వొచ్చు.

అమ్మని మళ్లీ మూడు నెలలకి రమ్మన్నారు. ఈలోగా ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లి నంబరు మార్పించాలి, అంటే అక్కడింకో లైను.

- ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా