చీర కత్తిరించే ముందు ఇంట్లో అందరినీ అడగండి

నమస్తే అండి. చీరాలలో పాత చీరలతో బొంతలు కుట్టే మా చిన్న షాపు నుంచి రాస్తున్నాను. ఆర్డర్ ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్లూ, ఇద్దామనుకుంటున్నవాళ్లూ అందరూ ఒకసారి చదవండి.

ముందుగా అసలు సంగతి. సంక్రాంతి వెళ్లేదాకా కొత్త ఆర్డర్లు తీసుకోవడం లేదు. చేతిలో ఉన్నవి కూడా చెప్పిన తేదీ కంటే ఆలస్యంగా అందుతాయి. నాతో కలిసి ఈ షాపు పెట్టిన నా స్నేహితురాలికి రెండు కళ్లలోనూ శుక్లాలు వచ్చాయి. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా కావాలి. కొన్నాళ్లు వంగొద్దనీ, బరువులెత్తొద్దనీ, దుమ్ములో ఉండొద్దనీ డాక్టరుగారు చెప్పారు. బొంత కుట్టడమంటే ఈ మూడూ కలిసిన పనే. నేల మీద పొరలు పరిచి, దాని మీదకి వంగి, పాత నూలు బట్టల నూగు మధ్య గంటలు గంటలు కూర్చోవాలి. ఆవిడ కూర్చుంటానన్నా నేను కూర్చోనివ్వను.

"ఈలోగా మిషన్ మీద కుట్టేయొచ్చు కదా" అని కొందరు అడిగారు. వద్దండి. ఏళ్ల తరబడి ఉతికిన చీర పల్చబడి ఉంటుంది. మిషన్ సూది దగ్గర దగ్గరగా రంధ్రాలు పొడుచుకుంటూ పోతే, కొన్ని ఉతుకులకే ఆ గీత వెంటే గుడ్డ చిరుగుతుంది. చేతికుట్టు వదులుగా ఉంటుంది, పొరలు కాస్త కదలడానికి చోటిస్తుంది. బొంత మెత్తగా ఉండేదీ, ఎక్కువ కాలం నిలిచేదీ అందుకే.

ఇంకో మాట. మా బొంతలో సగం దాకా కుట్టు ఒకలా, తర్వాత ఇంకోలా ఉందేమిటని మీరు చాలాసార్లు అడిగారు. అవి రెండు చేతులు, నా స్నేహితురాలిదీ నాదీ. స్కూలు రోజుల్లో ఎండాకాలం సెలవులకి వాళ్లమ్మగారు అరుగు మీద బొంత పరిచి, గాలికి లేవకుండా ఒక మూల సన్నికల్లు, ఒక మూల పొత్రం పెట్టి, మా ఇద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టేవారు. మధ్యలో కలుసుకునేదాకా లేవకూడదు. దానిది బియ్యపు గింజంత కుట్టు, నాది కాస్త పొడుగు. ఇప్పటికీ అంతే. అది నన్ను వదినా అంటుంది, మా ఆయన్ని అన్నయ్యా అంటుంది. వాళ్లు మసీదు వీధిలో, మేం రామాలయం వెనక. మా అమ్మ పోయినప్పుడు అమ్మ చీరలు ముట్టుకోవడానికి నాకు ధైర్యం చాల్లేదు. అదే వచ్చి పెట్టె తెరిచి, ఒక్కొక్కటీ ఉతికి ఆరేసి, మడతపెట్టి నా ఒళ్లో పెట్టింది. ఈ షాపు ఆ చీరలతోనే మొదలైంది. కాబట్టి రాబోయే నెలల్లో వచ్చే బొంతల్లో రెండు పక్కలా నా పొడుగు కుట్టే ఉంటుంది. దాని చెయ్యి కూడా ఉన్న బొంతే కావాలంటే ఆగండి, మీ చీరలు జాగ్రత్తగా ఉంచుతాను.

ధర కూడా పెరిగింది. డబుల్ బొంత ఇకనుంచి 4,500 రూపాయలు. పెరిగింది కుట్టేవాళ్ల కూలి, అందులో బేరం లేదు.

ఇప్పుడు కొత్త నియమం. అమ్మ చీరలో, అమ్మమ్మ చీరలో పంపేటప్పుడు, వాటి మీద మమకారం ఉన్న అక్కచెల్లెళ్లకీ, అన్నదమ్ములకీ, కోడళ్లకీ అందరికీ చెప్పి పంపండి. చెప్పామని మీరు మెసేజ్ పెడితేనే కత్తెర పడుతుంది.

ఎందుకో చెబుతాను. ఇది ఇద్దరు అక్కచెల్లెళ్ల సంగతి, వాళ్లు రాయమన్నారు కాబట్టే రాస్తున్నాను. హైదరాబాద్ నుంచి ఒకావిడ చనిపోయిన వాళ్లమ్మగారి చీరలు అయిదు పంపారు, డబుల్ బొంతకి. రెండురోజులకి అమెరికా నుంచి వాళ్ల చెల్లెలు ఫోన్ చేసింది. "మా అక్క పంపిన మూట విప్పారా అండీ? కత్తిరించకండి. నేను విమానం దొరక్క ఆఖరిచూపుకి కూడా రాలేకపోయాను. నాకు ఒక్క చీర కూడా మిగల్చలేదు" అని ఏడ్చింది. అక్కని అడిగితే ఆవిడా ఏడ్చారు. "మంచం మీద మూడేళ్లు చేసింది నేను. ఆ చీరలు రోజూ ఉతికింది నేను" అన్నారు. ఇద్దరి మాటలోనూ నాకు తప్పు కనిపించలేదు. మూట అలాగే బీరువాలో పెట్టేశాం.

దారి చూపింది నా స్నేహితురాలే. మామూలు చీర అయిదున్నర మీటర్లు. దాన్ని అడ్డంగా రెండు చేసి పక్కపక్కన జతచేస్తే తొమ్మిది అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు వస్తుంది, అది డబుల్ బొంతకి ఒక పొర. "ఎలాగూ ప్రతి చీరనీ రెండు చేస్తాం కదా వదినా, ఆ రెండూ మళ్లీ ఎందుకు కలపడం? చెరో సగం పెట్టి చెరో బొంత కుడదాం" అంది. అయిదు చీరలూ ఇద్దరికీ వస్తాయి. ఒక్క మనిషికి సరిపోయే బొంతలు రెండు.

కొంగు దగ్గర మళ్లీ ఆగాం. కొంగు ఒక చివరే ఉంటుంది. నిలువునా చీల్చి ఇద్దరికీ ఇద్దామనుకున్నాం. అక్కని అడిగితే, "చీల్చకండి, అన్ని కొంగులూ దానికే వేసేయండి. చిన్నప్పుడు అమ్మ కొంగు పట్టుకుని తిరిగింది అదే" అన్నారు. చెల్లెలికి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, పసుపు మరక ఉన్న కొంగు ఒకటి ఉంటుంది, అది మాత్రం అక్క బొంతలో పైకి కనిపించేలా వేయమంది. అలాగే వేశాం.

మగపిల్లల్నీ అడగండి. "వాడికెందుకులే చీరలు" అనుకోవద్దు. అమ్మ చీర కప్పుకుని పడుకోవాలని ఉందని సిగ్గుపడుతూ ఫోన్ చేసే అన్నయ్యలు మాకు చాలామంది తెలుసు.

చీరలు పంపేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. నూలు చీరలే పంపండి. మంగళగిరి, వెంకటగిరి, మా చీరాల నేత, ఎంత పాతవైతే అంత మంచిది, రంగు వదిలేది ఎప్పుడో వదిలేసి ఉంటుంది. గంజి పెట్టొద్దు, గంజి వాసనకి పురుగు చేరుతుంది. పట్టుచీర మడతల దగ్గర విరుగుతుంది కాబట్టి బొంతలో వేయం, దాని అంచు మాత్రం పైన కుట్టగలం. పాలిస్టర్ కలిస్తే ఉతికాక నూలు ఒకలా, అది ఒకలా లాగి బొంత ముడతలు పడుతుంది. పసిపిల్లల బొంతకి జరీ అంచు తీసేస్తాం, గుచ్చుకుంటుంది.

పసిపిల్లల బొంతలు మాత్రం ఆపడం లేదు. పొత్తిళ్లలో బిడ్డకి సంక్రాంతి దాకా ఆగమని చెప్పలేం కదా. పురుడు ఎప్పుడో రాసి, మెత్తటి పాత చీర ఒకటి పంపండి, బారసాలకి అందేలా నేనే కూర్చుని కుడతాను. మిగతావాళ్లలో అడ్వాన్స్ వెనక్కి కావాలనుకున్నవాళ్లు మెసేజ్ పెట్టండి, డబ్బులు వేసి, చీరలు కొరియర్‌లో నా ఖర్చుతో తిరిగి పంపుతాను.